గోడ మీద గెంతే సాలీడు: అపోహలు, వాస్తవాలు

సాలీళ్లను పరిశీలించడం నా పని. "ఇంట్లో గెంతే సాలీడు కనబడింది, మందు కొట్టించాలా?" అంటూ చాలామంది ఫోటోలు పంపుతుంటారు. వాటిలో తరచూ కనిపించేది ప్లెక్సిప్పస్ పేకుల్లీ. పొడవు దాదాపు సెంటీమీటరు. మగదానికి నల్లటి ఒంటి మీద తెల్లటి చారలుంటాయి, ఆడది బూడిద కలిసిన గోధుమ రంగు.

అపోహ: ఇది ఒంటి మీద పాకినా, ఉచ్చ పోసినా పొక్కులు లేస్తాయి.

నేను ఎక్కువగా వినే మాట ఇదే. వానాకాలంలో పొద్దున లేచేసరికి మెడ మీద గీత గీసినట్టు ఎర్రగా మంట, మర్నాటికి నీటి పొక్కులు. ఎదురుగా గోడ మీద సాలీడు కనబడుతుంది, నింద దాని మీద పడుతుంది. చాలాసార్లు అసలు కారణం పెడెరస్ అనే సన్నటి పురుగు. నారింజ, నలుపు రంగుల్లో చీమలా ఉంటుంది, రాత్రిళ్లు ట్యూబ్‌లైటు దగ్గరకు చేరుతుంది. అది కుట్టదు. నిద్రలో చేత్తో నలిపేస్తే దాని ఒంట్లోని పెడెరిన్ అనే విష రసాయనం చర్మాన్ని కాలుస్తుంది. అందుకే మీద పాకితే నలపకుండా ఊదేయండి, తగిలిన చోట సబ్బుతో కడగండి. పొక్కులు నొప్పితో, ఒంటికి ఒకే పక్కన పట్టీలా వస్తే అది సర్పి కావచ్చు. పసర్లు రాస్తూ కూర్చోవద్దు. దానికి మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, వెంటనే డాక్టరుకు చూపించండి.

అపోహ: విషప్పురుగు.

విషం ఉన్న మాట నిజం, అది ఈగను పడగొట్టడానికి. వేళ్ల మధ్య నొక్కితే కరవొచ్చు. మామూలుగా కాసేపు మంట, కాస్త ఎరుపు, అంతే.

అపోహ: ఇంట్లో బూజు దీనివల్లే.

ఇది వేట కోసం వల అల్లదు. మూలల్లో వేలాడే బూజు చాలావరకు పొడుగుకాళ్ల సాలీళ్లది. ఇది దారంతో అల్లుకునేది పడుకోవడానికి, గుడ్లు పెట్టడానికి చిన్న సంచి మాత్రమే.

అపోహ: మన మీదికి దూకడానికే అలా తిరిగి చూస్తుంది.

ఎనిమిది కళ్లలో ముందున్న పెద్ద జంటతో అది మనల్ని నిజంగానే పరిశీలిస్తుంది. ఎదురుగా ఉన్నది ఆహారమా, ప్రమాదమా తేల్చుకోవాలి కదా! ఒకసారి మా వంటింటి కిటికీ దగ్గర ఈగ వాలింది. సాలీడు గోడకు అంటుకుపోయి, ఈగ కదిలితే ఆగుతూ, ఆగితే కదులుతూ దగ్గరైంది. దూకే ముందు పొట్ట చివరను గోడకు అద్ది దారం అతికించింది. కండరాలు బిగించి ఒంట్లోని ద్రవాన్ని వెనక కాళ్లలోకి తోస్తే అవి ఒక్కసారిగా చాచుకుంటాయి, గెంతు అలా వస్తుంది. ఆ గెంతు గురి తప్పింది. దారానికి వేలాడి, దాని మీదుగానే పైకెక్కి, మళ్లీ ఈగ వైపు తిరిగింది.

మందు కొట్టించకండి. ఇంట్లో వద్దనుకుంటే దాని మీద గ్లాసు బోర్లించి, కిందకి అట్టముక్క తోసి, పూలకుండీ దగ్గర వదిలేయండి.