చక్కెరకని వెతికితే క్యాన్సర్‌కు దొరికిన బిళ్ళగన్నేరు

మధుమేహానికి రోజూ పరగడుపున నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నమలవచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. మన పెరళ్ళలో ఏడాది పొడవునా తెల్లగా, గులాబిరంగులో పూసే ఈ మొక్క సొంతగడ్డ మడగాస్కర్ దీవి. అక్కడి నుంచి ఉష్ణమండలమంతటా పాకి, వెళ్ళిన చాలా చోట్ల చక్కెర వ్యాధికి మందన్న పేరు తెచ్చుకుంది.

ఆ పేరు వినిపించిన జమైకా నుంచే 1952లో కెనడాలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు ఒక కవరులో 25 ఆకులు వచ్చాయి. వాటిని ఆయన వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో ఉన్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు అందజేశారు. ఎలుకలకు కషాయం తాగిస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. సారాన్ని సూదితో ఎక్కించినప్పుడు మాత్రం వాటి తెల్ల రక్తకణాలు పడిపోయి, కొద్ది రోజుల్లోనే ఆ ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చనిపోయాయి. తెల్లకణాలను ఇంతగా తగ్గించే పదార్థం, అవే కణాలు అదుపు తప్పి పెరిగే జబ్బుకు పనికిరావచ్చునన్న ఆలోచన నుంచి, రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1958 నాటికి ఈ ఆకుల నుంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును వేరుచేశారు. తర్వాత ఎలీ లిల్లీ అనే మందుల కంపెనీ పరిశోధకులు ఇదే మొక్క నుంచి వేరుచేసిన, అదే తరహా మందు విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది.

ఈ మందు పనిచేసే తీరు నాకు ఎన్నిసార్లు చదివినా విసుగు పుట్టదు. వరల బావిని ఊహించుకోండి. కణంలోని సూక్ష్మనాళిక అలాంటిదే. చుట్టూ సాధారణంగా ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ ఇటుకలు 13, మధ్యలో బోలు, మొత్తం వ్యాసం 25 నానోమీటర్లు. అయితే ఈ బావి ఎన్నడూ పూర్తికాదు. కొసన ఇటుకలు చేరుతూ, ఊడుతూ ఉంటాయి, నాళిక క్షణక్షణం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు ఈ నాళికలే కండె తంతువులై, క్రోమోజోములను వెతికి పట్టుకుని, చెరో వైపుకు లాగుతాయి. విన్‌బ్లాస్టిన్ అణువు రెండు ఇటుకల సందులో చీలికలా దూరుతుంది. అప్పుడు ఆ వరస నిటారుగా నిలవక వంగిపోతుంది. మందు కొద్దిగానే ఉంటే నాళికలు కూలిపోనక్కరలేదు, కొసన ఆ పెరుగుదల, తరుగుదల మందగిస్తే చాలు. క్రోమోజోములు సరిగా సర్దుకోక కణవిభజన మధ్యలోనే ఆగుతుంది, ఆగిన కణాల్లో చాలా వరకు చనిపోతాయి.

మొక్క మాత్రం ఈ అణువును చాలా పిసినారిగా తయారుచేస్తుంది. దాని రెండు సగాలలో కాథరాంథిన్ ఆకుపై మైనపు పొరలోకి చేరుతుంది, విండోలిన్ లోపలి కణాల్లో ఉండిపోతుంది. రెండూ కలిసే అవకాశమే తక్కువ. అందుకే ఒక్క గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి.

పాఠకుడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. నమలవద్దు. నాలుగు ఆకుల్లో ఏ ఆల్కలాయిడ్ (మొక్క తయారుచేసే ఇలాంటి మందు పదార్థం) ఎంత ఉందో నమిలేవారికి తెలిసే దారి లేదు, చక్కెర తగ్గుతుందన్న పేరుతో వేసుకునే మాత్రలు మానేస్తే వచ్చే నష్టం మాత్రం ఖాయం. ఆసుపత్రిలో విన్‌క్రిస్టిన్‌ను శరీర వైశాల్యానికి లెక్కగట్టి, మిల్లీగ్రాములలో, సిర (రక్తనాళం) ద్వారానే ఇస్తారు.

అంత జాగ్రత్తకు కారణం మళ్ళీ ఆ నాళికలే. విభజన చెందని నాడీకణంలో అవి సరుకు మోసే పట్టాలు. నడుము దగ్గర వెన్నుపాము నుంచి పాదం దాకా, పెద్దవారిలో సుమారు మీటరు పొడవున్న తంతువుకు కావలసిన ప్రోటీన్లన్నీ వాటి మీదుగానే వెళ్ళాలి. పట్టాలు చెడితే ముందుగా దెబ్బతినేది అన్నింటికన్నా దూరంలో ఉన్న కొస. అందుకే ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు ఇతర మందులతో పాటు విన్‌క్రిస్టిన్ తీసుకుంటున్న పిల్లవాడు వచ్చినప్పుడు, వైద్యుడు రక్తపరీక్ష కాగితం చూడడంతో సరిపెట్టరు. మునివేళ్ళు పైకెత్తి, మడమల మీద నాలుగడుగులు నడిచి చూపించమంటారు.