పైన బరువు, కింద కొలత

ప్రియమైన పిల్లలకు,

నల్గొండ వైపు ఒక బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించారనుకోండి. ఒక ల్యాబు లీటరుకు 1.8 మిల్లీగ్రాములని రాస్తుంది. ఇంకొకటి మిల్లీలీటరుకు 1.8 మైక్రోగ్రాములంటుంది. మూడోది 1.8 పీపీఎం, అంటే పది లక్షల్లో 1.8 వంతులు అంటుంది. మూడూ ఒకటే. నాలుగో ల్యాబు డెసిలీటరుకు, అంటే 100 మిల్లీలీటర్లకు, 0.18 మిల్లీగ్రాములని రాసినా అవే నీళ్లు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంకె ఒక్కటే చూసి యూనిట్ చూడనివాడు ఆ నాలుగో కాగితం పట్టుకుని నీళ్లు భేషుగ్గా ఉన్నాయనుకుంటాడు.

గాఢతలో పైన బరువు ఉంటుంది, కింద ఘనపరిమాణం ఉంటుంది. రెంటినీ ఒక్కసారే మార్చబోతే తికమక తప్పదు, విడివిడిగా మార్చండి. పైన మిల్లీగ్రామును మైక్రోగ్రాము చేస్తే అంకె 1000 రెట్లు పెరుగుతుంది. ఇక్కడ ఎవరూ తప్పరు. తప్పేది కింద. లీటరును మిల్లీలీటరు చేసేటప్పుడు కూడా అలవాటుకొద్దీ 1000తో గుణించేస్తారు. గిన్నెడు చారులో ఉప్పు ఎక్కువుంటుందా, చెంచాడు చారులోనా? కొలత చిన్నదైతే అందులో పట్టే పదార్థమూ తక్కువే, కాబట్టి కింద 1000తో భాగించాలి. పైన పెరిగింది కింద తరుగుతుంది, అంకె కదలదు. లీటరుకు గ్రాము, మిల్లీలీటరుకు మిల్లీగ్రాము, మైక్రోలీటరుకు మైక్రోగ్రాము ఒకటే కావడానికి కారణమిదే.

శాతం అంటే 100 మిల్లీలీటర్ల ద్రావణంలో ఇన్ని గ్రాములని. లీటరుకు కావాలంటే 10తో గుణిస్తే సరి: 0.9 శాతం సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పుంటుంది. రక్తపరీక్షల్లో కనిపించే డెసిలీటరు కూడా 100 మిల్లీలీటర్లే. హిమోగ్లోబిన్ 12 అన్నారంటే లీటరుకు 120 గ్రాములన్నమాట.

పీపీఎంతో మాత్రం జాగ్రత్త. అది అసలు బరువుకు బరువు లెక్క, కిలోకు మిల్లీగ్రాము. బావినీళ్లు లీటరు దాదాపు కిలో తూగుతాయి కాబట్టి అక్కడ చెల్లిపోతుంది. సముద్రపు నీళ్లు లీటరుకు 1.025 కిలోల దాకా తూగుతాయి. అక్కడ లీటరుకు 1000 మిల్లీగ్రాములంటే కిలోకు 976 మాత్రమే.

ఇప్పుడు లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ స్టాక్, అంటే తర్వాత పలచన చేసి వాడుకునే చిక్కటి ద్రావణం, తయారు చేద్దాం. 100 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ తూచి లీటరు చేస్తే చాలనుకుంటారు చాలామంది. సోడియం ఫ్లోరైడ్ అణుభారం 41.99, అందులో ఫ్లోరైడ్ వంతు 19.00. అంటే ఆ 100లో ఫ్లోరైడ్ 45.2 మిల్లీగ్రాములే, మిగతాది సోడియం. కావలసింది 221.0 మిల్లీగ్రాములు. 45.2 స్టాక్ మీద 100 అని చీటీ అంటిస్తే, దానితో సరిచేసిన ఫ్లోరైడ్ మీటరు ప్రతి నీళ్లనూ 2.21 రెట్లు ఎక్కువ చూపిస్తుంది. మన 1.8 బోరు 4.0 అయి కూర్చుంటుంది, ఊరంతా హడలిపోతుంది. నైట్రేట్‌లోనూ ఇదే చిక్కు. దాని పరిమితి నైట్రేట్‌గా లీటరుకు 45 మిల్లీగ్రాములు. రిపోర్టులో నైట్రోజన్‌గా, అంటే నైట్రేట్‌లోని నైట్రోజన్ బరువు మాత్రమే లెక్కపెట్టి, 20 అని ఉంటే తక్కువే కదా అనిపిస్తుంది, నైట్రేట్‌గా మార్చి చూస్తే 88 దాటుతుంది. ఎంత అన్నదాంతోపాటు దేనిగా లెక్కపెట్టారో కూడా రాయాల్సిందే.

తూకం 0.1 మిల్లీగ్రాము దాకా చూపేదై ఉండాలి. రెండు దశాంశాల తూకం 0.22 గ్రాములు చూపితే అసలు బరువు 215, 225 మిల్లీగ్రాముల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పొడిని బీకరులో కొంచెం డిస్టిల్డ్ వాటర్‌తో కరిగించి, మెడ మీద లీటరు గీత ఉన్న వాల్యుమెట్రిక్ ఫ్లాస్కులో పోయండి. బీకరును మూడుసార్లు కడిగి ఆ కడుగునీళ్లు కూడా అందులోనే పోయాలి. తర్వాత గీత దాకా నింపండి. నీటి ఉపరితలం వంపు అడుగు గీతను తాకాలి, కన్ను అదే ఎత్తులో ఉండాలి. మూత బిగించి పదిసార్లు తలకిందులు చేయండి. ఫ్లోరైడ్ గాజును తింటుంది కాబట్టి దాచేది ప్లాస్టిక్ సీసాలో. ఇది విషపదార్థం, ద్రావణాన్ని కొలిచి తీసే గొట్టం, అంటే పిపెట్‌ను నోటితో పీల్చకండి.

ఈ స్టాక్‌లో 10 మిల్లీలీటర్లు తీసి నీళ్లతో మొత్తం 100కి నింపితే లీటరుకు 10 మిల్లీగ్రాములది వస్తుంది. దాన్నుంచి 5 తీసి 100కి నింపితే 0.5.

నీళ్లలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువుంటే శాంపిల్‌ను పలచన చేయాలి. 10 మిల్లీలీటర్లు తీసి 50కి నింపారు, మీటరు 0.62 చూపింది, 5తో గుణిస్తే 3.1. అదే శాంపిల్ 10కి నీళ్లు 50 కలిపితే మొత్తం 60 అవుతుంది, మీటరు 0.52 చూపుతుంది. అలవాటుగా 5తో గుణిస్తే 2.6 వస్తుంది, గుణించాల్సింది మాత్రం 6తో. అందుకే నోటుబుక్కులో "10ని 50కి నింపాను" అని రాయండి. వట్టి "10, 50" అని రాస్తే వారం తర్వాత ఏం చేశారో మీకే తెలియదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య