మిసిసిపీ, డకోటా పవిత్ర భూములు: నదిని మళ్లీ సహజంగా పారించడంపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపాలిస్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లను వీకెండ్‌లో ముందుగా తీసుకెళ్లే చోటు స్టోన్ ఆర్చ్ బ్రిడ్జి. దాని మీద నిలబడితే ఎదురుగా కనిపించే తెల్లటి నీటి తెర సెయింట్ ఆంథొనీ ఫాల్స్. మిసిసిపీ నది మొత్తమ్మీద పెద్ద జలపాతం అని చెప్పుకోదగ్గది ఇదొక్కటే. ఈ నేల మూలవాసులైన డకోటా ప్రజలకు ఇది ఓవామ్నియోమ్ని, పవిత్ర స్థలం. ఇక్కడి నుంచి సుమారు 13 కిలోమీటర్లు దిగువకు వెళితే మిన్నెసోటా నది వచ్చి మిసిసిపీలో కలుస్తుంది. ఆ సంగమం పేరు బ్డోటే. తమ జాతి పుట్టింది అక్కడేనని డకోటా వారిలో చాలామంది చెబుతారు.

ఈ రెండింటి మధ్య నదికి పాత నడక తిరిగి ఇవ్వాలన్న చర్చ కొన్నేళ్లుగా నడుస్తోంది. నదుల పునరుద్ధరణ పనిలో ఉన్న ఇంజనీర్ని కాబట్టి గుడి దగ్గర కలిసినా, పుట్టినరోజు పార్టీలో కలిసినా ఇదే విషయం అడుగుతుంటారు. అడిగేటప్పుడే సగం జవాబు తప్పుగా అనుకుని అడుగుతారు. ఎక్కువగా వినే అపోహలు ఇవి.

అపోహ: కాంక్రీటు పీకేస్తే పాత జలపాతం బయటపడుతుంది

బయటపడదు సరికదా, ఉన్నది కూడా పోతుంది. దీనికి కారణం రాయి. ఇక్కడ పైన గట్టి సున్నపురాయి పొర, దాని కింద చేత్తో గీకినా రాలిపోయే మెత్తని ఇసుకరాయి ఉంటాయి. పడే నీరు కింది ఇసుకరాయిని తొలిచేస్తుంది, ఆధారం పోయిన పైపొర విరిగిపడుతుంది, జలపాతం కొంచెం వెనక్కి జరుగుతుంది. మంచుయుగం ముగిసే కాలంలో, 12 వేల ఏళ్లకు పూర్వం, ఇప్పటి సెయింట్ పాల్ డౌన్‌టౌన్ దగ్గర మొదలైన జలపాతం ఇలా జరుగుతూ జరుగుతూ బ్డోటే దాటి ఇక్కడికి చేరింది. అది నడిచొచ్చిన దారే నేటి లోయ. అలా చూస్తే ఓవామ్నియోమ్ని, బ్డోటే వేర్వేరు చోట్లు కావు. ఒకే జలపాతం వేర్వేరు కాలాల్లో నిలిచిన చోట్లు. డకోటా వాళ్లు ఈ పొడవంతటినీ కలిపి ఒకటిగా చూస్తారు. మన భూగర్భశాస్త్రం చెప్పేదీ అదే.

జలపాతం నడకను మనిషి తొందరపెట్టాడు. మిల్లుల కోసం నీటిని మళ్లించే సొరంగం ఒకటి ఇసుకరాయిలో తవ్వుతుంటే 1869 అక్టోబర్ 5న నది అందులోకి చొరబడింది. జలపాతమే కూలిపోతుందని ఊరంతా పరుగెత్తింది. అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ దిగి, 1870లలో సున్నపురాయి కింద నదికి అడ్డంగా సుమారు 560 మీటర్ల పొడవు, 12 మీటర్ల ఎత్తు ఉన్న కాంక్రీటు గోడ కట్టింది. పైన ముందు చెక్కతో, తర్వాత 1950లలో కాంక్రీటుతో ఏటవాలు కట్టారు. మీరు ఫొటో తీసుకునే తెల్లటి నీరు జారేది దాని మీదే.

సున్నపురాయి పొర ఎగువన కొద్ది దూరంలోనే అయిపోతుంది. కట్టడాలు తీసేస్తే జలపాతం అక్కడిదాకా తినుకుంటూ పోయి, ఆ తర్వాత రాళ్ల మీద దూకే మామూలు ప్రవాహంగా మిగులుతుంది. అందుకే ఇక్కడ కాంక్రీటు తీసేయమని ఎవరూ అడగడం లేదు. మాకున్న టెన్షన్ అల్లా నేలలో కనపడకుండా ఉన్న ఆ పాత గోడ గురించే. దాదాపు 150 ఏళ్ల కాంక్రీటు మీద ఒక నగరం ఆధారపడి ఉంది.

అపోహ: 2015లో లాక్ మూసేశారు కాబట్టి నది విడుదలైపోయింది

లాక్ అంటే పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి ఎక్కించి దించే తొట్టి. ఎగువ సెయింట్ ఆంథొనీ లాక్ 1963లో మొదలైంది, సుమారు 15 మీటర్ల ఎత్తు ఎక్కిస్తుంది. 2015 జూన్‌లో దాన్ని మూసింది డకోటా వారి కోసం కాదు. ఆసియా నుంచి వచ్చిన కార్ప్ చేపలు పైకి ఎక్కకుండా ఆపడానికి. ఆనకట్ట అలాగే ఉంది, దాని వెనక నీరూ అలాగే నిలిచి ఉంది.

ఇందులో ఒక తమాషా ఉంది. వేల ఏళ్లుగా ఈ జలపాతం చాలా రకాల చేపలకు, ఆల్చిప్పలకు సహజమైన అడ్డుగోడ. 1963లో లాక్ తెరిచినప్పుడు ఆ గోడకు మనిషి తలుపు పెట్టాడు. 2015లో తలుపు మూశారు. అంటే చేపల సంగతి వరకు, మూయడమే నదిని పాత స్థితికి తెచ్చింది. నదిలో అడ్డమున్న ప్రతిదీ తీసేస్తేనే సహజం అనుకునేవాళ్లకు ఈ ఉదాహరణే చెబుతుంటాను.

అపోహ: గుడి లేదు, రాయి లేదు, అక్కడేం పవిత్రం?

ఈ ప్రశ్న మనవాళ్లు అడిగితే నాకు కొంచెం చిరాకే. నంద్యాల జిల్లా సంగమేశ్వరంలో శ్రీశైలం నీళ్లు దిగి గుడి బయటపడే నాలుగు రోజుల కోసం జనం పడవలేసుకుని వెళతారు. గుడి మునిగిపోయి ఉన్న రోజుల్లో ఆ చోటు పవిత్రం కాకుండా పోతుందా?

ఓవామ్నియోమ్ని దగ్గర నిజంగానే ఒక దీవి ఉండేది, స్పిరిట్ ఐలాండ్. దాని సున్నపురాయిని తవ్వి అమ్ముకున్నారు. మిగిలిన ముక్కను లాక్ నిర్మాణంలో 1960 నాటికల్లా తొలగించారు. బ్డోటే కథ ఇంకా బరువైనది. 1805 సెప్టెంబర్‌లో జెబులన్ పైక్ అనే సైనికాధికారి అక్కడ ఒప్పందం రాయించాడు. సమావేశానికి వచ్చిన ఏడుగురు డకోటా నాయకుల్లో ఇద్దరే సంతకం పెట్టారు. ఎంత సొమ్ము ఇస్తారో రాయాల్సిన చోటు ఖాళీగా వదిలారు. తర్వాత సెనెట్ అందులో 2,000 డాలర్లు అని నింపింది. ఆ భూమిలోనే స్నెల్లింగ్ కోట లేచింది. 1862లో డకోటా వారికీ అమెరికాకూ జరిగిన యుద్ధం తర్వాత దాదాపు 1,600 మంది డకోటా స్త్రీలను, పిల్లలను, వృద్ధులను ఆ కోట కింద నది ఒడ్డున చలికాలమంతా నిర్బంధించారు. ఎందరో అక్కడే చనిపోయారు. 1863లో చట్టం చేసి డకోటా వారిని మిన్నెసోటా నుంచే వెళ్లగొట్టారు. పుట్టిన చోటు, జైలు, శ్మశానం మూడూ ఒక్కటే అయిన నేల అది.

వాళ్లు చరిత్రలో కలిసిపోయారనుకోవడం కూడా అపోహే. మిన్నెసోటాలో ఇవాళ ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపున్న డకోటా సమాజాలు నాలుగు ఉన్నాయి.

అపోహ: డ్యామ్ తీస్తే కింద ఊళ్లు మునుగుతాయి

ఇది జలపాతం గురించి కాదు, దాని దిగువన ఉన్న ఫోర్డ్ డ్యామ్ గురించి. 1917లో పూర్తయింది. నా దృష్టిలో అసలు మాట్లాడుకోవాల్సింది దీని గురించే. ఎందుకంటే ఇక్కడ తీయడం సాధ్యం.

మనకు డ్యామ్ అనగానే సాగర్, శ్రీశైలం గుర్తొస్తాయి. వరద వస్తే పట్టి ఉంచి, మెల్లగా వదిలేవి. ఫోర్డ్ డ్యామ్ అలాంటిది కాదు. పడవలకు లోతు కోసం నీటిమట్టం పెంచి, వచ్చిన నీటిని వచ్చినట్టే వదిలేస్తుంది. వరదను దాచుకునే చోటు దానికి లేదు, కాబట్టి తీసినందువల్ల దిగువకు కొత్తగా వరద పెరగదు. మునిగినది ఎగువనే. మిసిసిపీ పొడవంతటిలో నిజమైన కొండలోయ అనదగ్గ ముక్క ఇదొక్కటే. రాళ్ల మధ్య ఉరకలెత్తే నీటి మీద సుమారు 11 మీటర్ల మట్టం ఎక్కించి చెరువులా చేశారు. స్టర్జన్ లాంటి చేపలు గుడ్లు పెట్టేది ఆ ఉరకల్లోనే.

భయపడాల్సింది బురదకు. నీరు నిలిచాక మినియాపాలిస్, సెయింట్ పాల్ రెండు నగరాల మురుగూ అందులో పేరుకుంది. 1938లో శుద్ధి కేంద్రం మొదలయ్యేదాకా కుళ్లిన మడ్డి నీటి మీద తేలేది. ఆ అడుగుమట్టిలో ఏ విషం ఎంత లోతున ఉందో పరీక్షించకుండా గేటు ముట్టుకోకూడదు. పరీక్షించాక దశలవారీగా నీరు దించాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది మీద 2011 నుంచి 2014 వరకు అలాగే చేశారు. అక్కడ రిజర్వాయర్ ఖాళీ అయినప్పుడు, తమ సృష్టి జరిగిందని క్లల్లామ్ ప్రజలు తరతరాలుగా చెప్పుకున్న చోటు నీటిలోంచి బయటపడింది.

కదిలించకుండా వదిలేస్తే క్షేమం అనుకునేవారికి ర్యాపిడాన్ చూపిస్తాను. మిన్నెసోటాలోనే, మాంకాటో ఊరికి ఎగువన బ్లూ ఎర్త్ నది మీద 1910 నాటి డ్యామ్. నిండా మేట వేసి ఉండేది. 2024 జూన్‌లో నది డ్యామ్‌ను వదిలేసి పక్క గట్టును కోసుకుంటూ పోయింది. ఒక ఇల్లు కొట్టుకుపోయింది. తీసే ప్రణాళిక మనం వేయకపోతే నది తన ప్రణాళిక తాను వేసుకుంటుంది.

ఇక కార్ప్ చేపల భయం. ఫోర్డ్ డ్యామ్ తీస్తే అవి లోయలోకి రావచ్చు, ఇది న్యాయమైన అభ్యంతరమే. కానీ ఎగువ సెయింట్ ఆంథొనీ దగ్గర మూసిన లాక్ ఉంటుంది. ఒకచోట కట్టడం ఉంచడం, మరోచోట తీయడం ఒకదానికొకటి విరుద్ధం కాదు, ఒకే పథకంలో భాగాలు.

అపోహ: కరెంటు పోతుంది

ఫోర్డ్ డ్యామ్ దగ్గర ఉత్పత్తి సామర్థ్యం సుమారు 18 మెగావాట్లు. శ్రీశైలంలో రెండు గట్లూ కలిపితే 1,670. లెక్క మీరే చూసుకోండి.

అపోహ: డకోటా వాళ్ల చేతికిస్తే తాళం వేసుకుంటారు

ఒక్కో చోటుది ఒక్కో కథ. అప్పర్ సూ ఏజెన్సీ స్టేట్ పార్కును రాష్ట్రం 2024లో డకోటా సమాజాల్లో ఒకటైన అప్పర్ సూ సమాజానికి తిరిగి ఇచ్చింది, అది ఇక స్టేట్ పార్కు కాదు. 1862లో వాళ్ల పూర్వీకులు తిండి అందక మాడిన నేల అది, సమాధులున్నాయి. పిక్నిక్ బల్లలు తీసేయడం నాకు తప్పుగా అనిపించలేదు.

ఓవామ్నియోమ్ని దగ్గర అనుకుంటున్నది వేరు. లాక్ పక్క భూమిని మినియాపాలిస్ నగరానికి గానీ, అది సూచించినవారికి గానీ ఇవ్వాలని 2020 నాటి జలవనరుల చట్టంలో అమెరికా కాంగ్రెస్ ఆర్మీ కోర్‌ను ఆదేశించింది. ఓవామ్నియోమ్ని ఓఖోదాయపి అనే సంస్థ డకోటా నాయకత్వంలో ఆ పని చూస్తోంది. సుమారు 5 ఎకరాలు. ఇప్పుడు అక్కడున్నది ఎక్కువగా కంచె, కాంక్రీటు. స్థానిక మొక్కలు, పారే నీరు తిరిగి తెచ్చి, జనం నది దాకా దిగేలా చేయాలన్నది ఆలోచన. ఇప్పుడు తాళం ఉన్న చోటు తెరుచుకుంటుందన్నమాట. వరద సమయంలో లాక్ నడిపే బాధ్యత కోర్ దగ్గరే ఉంటుంది.

డ్యామ్ తీసి తిరిగి కట్టడం ఈ నదికి కొత్తేమీ కాదని కూడా చెప్పాలి. ఫోర్డ్ డ్యామ్‌కు ముందు, కొంచెం ఎగువన 1907లో మీకర్ ఐలాండ్ డ్యామ్ కట్టారు. ఐదేళ్లకే, కరెంటు కోసం ఎత్తైన డ్యామ్ కావాలని దాని పైభాగం పగలగొట్టారు. నీరు తగ్గినప్పుడు సెయింట్ పాల్ వైపు గట్టు నుంచి దాని లాక్ గోడలు కనిపిస్తాయి. పక్కనే కుక్కల పార్కు ఉంది, బూట్లకు బురద అంటుతుంది.