రచయిత వస్తున్నారు సరే, పుస్తకం ఎంతమంది చేతికి వచ్చింది?
ఉమ్మడి పఠనం: అపోహలు - వాస్తవాలు

అందరూ ఒకే పుస్తకం చదివి, దాని మీద చర్చించుకుని, వీలైతే రచయితతో మాట్లాడటమే ఉమ్మడి పఠనం. కాలేజీలు, గ్రంథాలయ పాఠక బృందాలు అది పెట్టుకోవాలనుకున్నప్పుడు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఫలానా తేదీకి ఏ రచయిత దొరుకుతారండీ?" ఏ పుస్తకమని అడగరు, ఎన్ని కాపీలని అడగరు. అప్పటికే తేదీ ఖాయమై ఉంటుంది, ఫ్లెక్సీ డిజైన్ కూడా తయారై ఉంటుంది. డబ్బూ శ్రమా ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి ముందు దీని సంగతే.

అపోహ: రచయితను తీసుకొస్తే చాలు, పిల్లలు వాళ్లే చదువుతారు.

చదవరు. సభ అయ్యాక కొనుక్కుని చదువుతారన్నది కూడా ఆశే. "మీరు రాయడం ఎప్పుడు మొదలుపెట్టారు?", "మీకు స్ఫూర్తి ఎవరు?", "నేటి యువతకు మీ సందేశం?" అనే మూడూ వరసగా వినిపించాయంటే ఆ హాల్లో పుస్తకం తెరిచినవాళ్లు లేరని రచయితకు అర్థమైపోతుంది. మర్యాదకి నవ్వి, ఎన్నోసారో చెప్పిన జవాబులే మళ్లీ చెప్పి వెళ్తారు. కాలేజీల ప్రమాణాలు తనిఖీ చేసే నాక్ సంస్థకు చూపించే ఫైలుకి, చోటు వివరాలతో తీసే జియోట్యాగ్ ఫోటోలు మాత్రం బాగానే వస్తాయి.

అసలీ పద్ధతి మొదలైంది 1998లో, అమెరికాలోని సియాటిల్‌లో. నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ ఊరంతా ఒకే పుస్తకం చదివితే ఎలా ఉంటుందని మొదలుపెట్టారు. 2001లో షికాగో పబ్లిక్ లైబ్రరీ అదే దారిలో హార్పర్ లీ నవలను ఎంచుకుంది. సభలకు దూరంగా ఉండే ఆ రచయిత్రి రాలేదు. అయినా కార్యక్రమం నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. రచయిత రాకపోయినా పఠనం సాగుతుంది, కాపీలు లేకపోతే సాగదు.

లెక్క చూడండి. మూడు సెక్షన్లు, 180 మంది అనుకుందాం. ముగ్గురికి ఒక కాపీ చొప్పున 60 కావాలి. 160 పేజీల పుస్తకాన్ని ఒక్కొక్కరు పన్నెండు రోజులు ఉంచుకుంటే ముగ్గురి చేతులు మారడానికి ఐదు వారాలు దాటుతుంది. ఆలస్యాలు కలుపుకుని ఏడు వారాలు పెట్టుకోండి. కాపీ 150 రూపాయలైతే మొత్తం 9,000. లైబ్రరీ కొనుగోలు అని ప్రచురణకర్తను నేరుగా అడిగితే కొంత తగ్గిస్తారు. శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీలు, వేదిక మీద పదిమందికి బొకేలు అంతకంటే చవకగా అవుతాయేమో కాగితం మీద వేసుకోండి. మొత్తం బడ్జెట్‌లో సగానికి తగ్గకుండా కాపీలకు పోవాలి. సగం కూడా కేటాయించలేకపోతే ఈ ఏడాది రచయితను పిలవకండి, పుస్తకాలు కొనండి.

పుస్తకం పేరు ప్రకటించే ముందే స్టాకు కనుక్కోవాలి. తెలుగు పుస్తకం సాధారణంగా 500, 1000 కాపీలే వేస్తారు. ప్రకటించాక ఫోన్ చేస్తే గోడౌన్‌లో ముప్పై ఉన్నాయంటారు. రీప్రింట్‌కి నెల పడుతుంది, ఈలోగా మిడ్ పరీక్షలు వచ్చేస్తాయి. మిడ్స్‌కి ముందు వారం, పరీక్షల వారం లెక్కలోంచి తీసేయండి. సంక్రాంతి సెలవుల ముందు పంచితే తీరిగ్గా చదువుతారనుకోవద్దు. కొన్ని కాపీలు ఊళ్లోనే ఉండిపోతాయి.

పంచిన రోజే మొదటి అధ్యాయం క్లాసులో ఇరవై నిమిషాలు పైకి చదివించాలి. అందరూ దాటేసే మెట్టు ఇదే. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్లకి తెలుగు పేజీ నెమ్మదిగా కదులుతుంది, గంటకి పదిహేను ఇరవై పేజీలు దాటకపోవచ్చు. దానికి సిగ్గుపడి పుస్తకమే పక్కన పెట్టేస్తారు. కథ చెవిన పడి మొదలైతే ఆ భయం సగం పోతుంది. పుస్తకం ఉత్తరాంధ్ర మాటలోనో, తెలంగాణ మాటలోనో ఉంటే ఆ ప్రాంతం విద్యార్థి చేత చదివించండి. మిగిలినవాళ్లకి ముప్పై నలభై మాటలకు అర్థాలు రాసిన ఒక్క పేజీ చాలు.

చర్చకు పన్నెండు నుంచి పదిహేను మంది, దాటకూడదు. యాభై నిమిషాలు, నాలుగు ప్రశ్నలు. నడిపేది సీనియర్ విద్యార్థి అయితే మేలు. అధ్యాపకులు కూర్చుంటే పది నిమిషాల్లో అది పాఠం అయిపోతుంది. "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడగొద్దు. "ఫలానా చోట ఆమె ఎందుకు తిరిగి వచ్చింది?" అని పుస్తకంలోకే పంపే ప్రశ్న వేయాలి.

ఈ బాధ్యత నెత్తిన పడ్డ కొత్త అధ్యాపకులకు ఒకే భయం: ఎవరూ చదవకుండా వస్తే? కంగారు పడకండి. మూడు, నాలుగు పేజీల భాగం ఒకటి ముందే గుర్తుపెట్టుకుని, చర్చ మొదట్లో అక్కడే చదివించండి. పూర్తిగా చదివినవాళ్లు నలుగురే ఉన్నా మాట నడుస్తుంది. మిగిలినవాళ్లలో కొందరు తర్వాత పుస్తకం అడుగుతారు. హాజరు వేసి, మార్కులు పెట్టి బెదిరించినచోట మాత్రం సారాంశం వాట్సాప్‌లో తిరుగుతుంది.

రచయిత వచ్చే రోజు కాలేజీ బస్సుల టైంని బట్టి వేసుకోవాలి. రెండింటికి సభ అని, 2.50కి మొదలై, 3.50 దాకా పెద్దల ప్రసంగాలై, 4.15కి బస్సులు కదిలితే రచయితకు మిగిలేది పాతిక నిమిషాలు కూడా కాదు. ఉదయం పదింటికి పెట్టండి. శాలువా మొదటి రెండు నిమిషాల్లో కప్పేయండి. చివర్లో కప్పుతామంటే కప్పేవాళ్లు అందరూ చివరిదాకా వేదిక మీదే ఉంటారు. ప్రసంగాలన్నీ కలిపి పది నిమిషాలు. తర్వాత వేదిక మీద రెండే కుర్చీలు: రచయిత, ప్రశ్నలడిగే విద్యార్థి. నాలుగు రోజుల ముందే ఒక్కో బృందం నుంచి రెండేసి ప్రశ్నలు చీటీల మీద తీసుకుని, ఒకే రకంవి కలిపేసి, పన్నెండు పదిహేను మిగుల్చుకోండి. ఎవరి ప్రశ్న వాళ్లే లేచి అడగాలి. హాల్లో తిరిగే మైకులు రెండుండాలి. ఒక్కటే ఉంటే అది ముందు వరసలోనే ఆగిపోతుంది.

అపోహ: పీడీఎఫ్ పంచితే కాపీల ఖర్చు ఉండదు, చదువు కోసమే కాబట్టి తప్పులేదు.

పుస్తకాల్లోని పేజీలు జిరాక్స్ తీసి అమ్ముతున్నారని ప్రచురణకర్తలు వేసిన ఢిల్లీ యూనివర్సిటీ ఫోటోకాపీ కేసులో 2016 హైకోర్టు తీర్పును చూపిస్తుంటారు. అది బోధనలో భాగంగా, ఆ అవసరం మేరకు వేర్వేరు పుస్తకాల్లోంచి పాఠ్యభాగాలు తీసి కుట్టుకునే కోర్స్ ప్యాకుల సంగతి. బతికున్న రచయిత నవలంతా స్కాన్ చేసి గ్రూపులో వదలడానికి అది అనుమతి పత్రం కాదు. పైగా అదే రచయిత ముందుకు జిరాక్స్ కాపీ మీద సంతకం పెట్టమని పట్టుకెళ్తారు, అదొక్కటే తక్కువ! చూపు లేని విద్యార్థి కోసం చదవగలిగే రూపంలోకి మార్చి ఇవ్వడం వేరు. 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టమే దానికి వీలిచ్చింది, నిస్సంకోచంగా చేయండి.

అపోహ: రచయిత బతికి ఉండాలి. అక్కర్లేదు. రచయిత మరణించి అరవై ఏళ్లు దాటిన రచన మన దేశంలో కాపీరైట్ బయట ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, కాబట్టి ఆయన కథలు మీరే అచ్చువేసి పంచుకోవచ్చు. ఈ మధ్య ఎవరైనా రాసిన ముందుమాట, వివరణలు మాత్రం అందులో కలపకండి. సభకు రచయిత బదులు ఆయన రచనను నాటకంగా ఆడినవాళ్లనో, అనువాదకులనో పిలవచ్చు.

అపోహ: ఎవరికీ అభ్యంతరం లేని పుస్తకమే ఎంచుకోవాలి. అలాంటిదాని మీద చర్చించడానికి ఏమీ మిగలదు. 2002లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, ఛాపెల్ హిల్, కొత్త విద్యార్థులకు ఖురాన్ మీద పుస్తకం ఇస్తే కేసు కోర్టు దాకా వెళ్లింది. చదవడం ఇష్టం లేనివాళ్లు తమకెందుకు ఇష్టం లేదో ఒక పేజీ రాసి ఇవ్వొచ్చని విశ్వవిద్యాలయం వాళ్లు అన్నారు, చర్చలు జరిగాయి. మీరూ వద్దన్నవాళ్లకు అలాంటి దారి ఒకటి ముందే ఉంచండి.

అపోహ: రచయితలు పిలిస్తే చాలు వస్తారు, పారితోషికం అడగడం వాళ్లకి నామోషీ. వాళ్లు అడగరు, నిజమే, మీరే చెప్పాలి. రెండు, మూడు నెలల ముందు రాతపూర్వకంగా పంపే పిలుపులో ఇవన్నీ ఉండాలి: ఎన్ని సమావేశాలు, ఒక్కోటి ఎంతసేపు, ఎంతమంది, వీడియో తీస్తారా, పారితోషికం ఎంత, టికెట్ ఎవరు తీస్తారు. పారితోషికం కవరు ఆ రోజే ఇవ్వాలి. పెద్దవయసు వాళ్లయితే కింది అంతస్తులో హాలు చూడండి, భోజనం, మందుల టైం అడగండి, స్టేషన్‌కి కారుతో పాటు పుస్తకం చదివిన విద్యార్థిని పంపండి. పుస్తకాలు అమ్మకానికి తెచ్చుకోమని రచయితకు చెప్పకండి. పుస్తకాల షాపువాళ్లను ఒక బల్ల వేసుకోమనండి, యూపీఐ క్యూఆర్ అతికించమనండి. చివరి నిమిషంలో ఆరోగ్యం బాగాలేక రాలేకపోతే తేదీ మార్చొద్దు. చీటీల్లో ప్రశ్నలు ఉన్నాయి కదా, వీడియో కాల్ కలిపి స్పీకర్‌కి తగిలించండి. అదీ కుదరకపోతే ప్రశ్నలు పంపి, జవాబులు వాయిస్ మెసేజ్‌గా తెప్పించుకుని అదే హాల్లో వినిపించండి.