ప్రధానమంత్రి పదవి: క్లాసులో ఎదురయ్యే కొన్ని అపోహలు, వాస్తవాలు

మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేస్తూ, సాయంత్రాలు అన్నానగర్‌లో సివిల్స్‌కు తయారవుతున్న తెలుగు విద్యార్థులకు రాజ్యాంగం బోధిస్తుంటాను. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చే ఈ పిల్లలకు అధికరణాల సంఖ్యలు కంఠతా వస్తాయి. ప్రధాని అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అడిగితే మాత్రం చాలామంది టీవీ చర్చల్లో విన్నదే చెబుతారు.

అపోహ: ప్రధానిని ప్రజలే ఎన్నుకుంటారు కాబట్టి ఆయన లోక్‌సభ సభ్యుడై తీరాలి.

వాస్తవం: ఓటరు ఎన్నుకునేది తన నియోజకవర్గ సభ్యుణ్ని మాత్రమే, ప్రధానిని 75వ అధికరణం కింద రాష్ట్రపతి నియమిస్తారు. ఏ సభలోనూ సభ్యత్వం లేనివారు ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యులు కావాలి. పి.వి. నరసింహారావు 1991 జూన్‌లో ప్రమాణ స్వీకారం చేసి, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచారు. మన్మోహన్ సింగ్ పదేళ్లూ రాజ్యసభ సభ్యుడిగానే ప్రధానిగా ఉన్నారు.

అపోహ: లోక్‌సభ రద్దయితే ప్రధాని పదవి కూడా ఆ రోజుతోనే పోతుంది.

వాస్తవం: ఈ ప్రశ్న మా హైకోర్టులోనే పుట్టింది కనుక దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. 1970 డిసెంబరులో లోక్‌సభ రద్దయ్యాక, ఇందిరాగాంధీ ఏ అధికారంతో పదవిలో కొనసాగుతున్నారో తేల్చాలంటూ యు.ఎన్.ఆర్. రావు ఇక్కడ కో వారంటో రిట్ వేశారు. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని 75(3) చెబుతోంది, అసలు లోక్‌సభే లేనప్పుడు బాధ్యత ఎవరికి అన్నది ఆయన వాదన. తర్కం పైకి పకడ్బందీగానే కనిపిస్తుంది. క్లాసులో వినిపిస్తే నేటికీ సగం మంది తలూపుతారు. హైకోర్టులో ఓడిన ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లి తన వాదన తానే వినిపించుకున్నారు. 1971లో ప్రధాన న్యాయమూర్తి సిక్రీ ఇచ్చిన తీర్పు 74(1)ని పట్టుకుంది: రాష్ట్రపతికి సలహా ఇచ్చే మంత్రిమండలి ఎల్లవేళలా ఉండి తీరాలి, దాని సలహా లేకుండా ఆయన కార్యనిర్వాహక అధికారాన్ని వినియోగించలేరు, 75(3)ని లోక్‌సభ ఉనికిలో ఉన్న కాలానికే అన్వయించుకోవాలి. రావు వాదనే నెగ్గి ఉంటే, పాత సభ రద్దయి కొత్త సభ ఏర్పడే వరకు కేంద్రంలో రాష్ట్రపతి ఒక్కరే పాలించవలసి వచ్చేది. రాష్ట్రపతి పాలనకు వీలు కల్పించే 356వ అధికరణం రాష్ట్రాలకు సంబంధించినదే తప్ప కేంద్రానికి అలాంటి ఏర్పాటు రాజ్యాంగంలో లేదు. ఈ దశలో ఉండే ప్రభుత్వాన్ని మనం ఆపద్ధర్మ ప్రభుత్వం అంటాం గానీ, దానికి రాజ్యాంగం ప్రత్యేకమైన హోదా ఏదీ ఇవ్వలేదు; పెద్ద విధాన నిర్ణయాల జోలికి పోకపోవడం సంప్రదాయం.

అపోహ: ప్రధాని తలచుకుంటే అత్యవసర పరిస్థితి వచ్చేస్తుంది.

వాస్తవం: 1975లో దాదాపు అలాగే జరిగింది కాబట్టి ఈ అపోహను తప్పుపట్టలేను. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రకటనపై సంతకం చేశారు. మంత్రివర్గాన్ని మరునాడు తెల్లవారాక సమావేశపరచి ఆమోదం తీసుకున్నారు. అత్యవసరమైతే ప్రధాని నిబంధనలను పక్కనబెట్టి, తరువాత మంత్రివర్గ ఆమోదం పొందవచ్చునని ప్రభుత్వ కార్యకలాపాల నిబంధనల్లోని 12వ నిబంధన వీలు కల్పిస్తోంది. 1978 నాటి 44వ సవరణ ఎమర్జెన్సీ విషయంలో ఈ దారిని మూసేసింది. ఇప్పుడు మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి 352వ అధికరణం కింద ఎమర్జెన్సీ ప్రకటన చేయకూడదు; నెలలోపు ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో (మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతుతో) ఆమోదించాలి, కొనసాగించాలంటే ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదించాలి.

అపోహ: మంత్రిమండలి ఎంత పెద్దదైనా ప్రధాని ఇష్టమే.

వాస్తవం: 2003 నాటి 91వ సవరణ తరువాత ప్రధానితో కలిపి లోక్‌సభ సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదు. 543 స్థానాల సభకు అది 81.

అపోహ: మెజారిటీతో వచ్చిన ప్రధానికి ఐదేళ్లూ ఢోకా ఉండదు.

వాస్తవం: అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకున్నాక వాజపేయి 1999 ఏప్రిల్ 17న విశ్వాస పరీక్షలో 269–270తో, ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయిన సంగతి చెన్నైలో ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు.

అపోహ: ప్రధాని ఏం చెబితే దానిపై రాష్ట్రపతి సంతకం పెట్టడమే, ఆయనకు సొంత నిర్ణయమంటూ ఉండదు.

వాస్తవం: మామూలు రోజుల్లో ఇది చాలావరకు నిజమే. మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని 1976లో 42వ సవరణ చెప్పింది. ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపే వీలును 44వ సవరణ కల్పించింది. ఎవరికీ స్పష్టమైన మెజారిటీ లేనప్పుడు ప్రధానిని ఎంచుకోవడంలోనూ, బలం కోల్పోయిన ప్రధాని సభను రద్దు చేయమని కోరినప్పుడు ఏం చేయాలన్న దానిలోనూ మాత్రం రాష్ట్రపతి వివేచనకు నిజమైన చోటుందని నా అభిప్రాయం. ఈ రెండూ మన నీలం సంజీవరెడ్డికి ఒకే వేసవిలో ఎదురయ్యాయి. 1979 జూలై 28న ఆయన ప్రమాణం చేయించిన చరణ్ సింగ్, ఇందిరాగాంధీ మద్దతు దక్కక, ఆగస్టు 20న సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేస్తూ లోక్‌సభ రద్దుకు సిఫారసు చేశారు. తనకు అవకాశమివ్వాలని జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్ రాం కోరుతున్నా, సంజీవరెడ్డి ఆగస్టు 22న సభను రద్దు చేశారు. అది సరైన నిర్ణయమా కాదా అన్న వాదన నేటికీ తెగలేదు. చరణ్ సింగ్ మాత్రం కొత్త ప్రభుత్వం ఏర్పడే వరకు, 1980 జనవరి దాకా పదవిలో ఉన్నారు.