గంగమ్మ పేరులోనే ఉన్న గుర్తు

మా మేడ మీద అద్దెకుండేవాళ్ల అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన వారం డిక్షనరీ, నోట్సు పట్టుకుని కిందికి వచ్చింది. "ఇదేంది మామా, ఎన్ అక్షరానికి కొక్కెం తగిలించినట్టు ఉండాది? ఒక్క గుర్తూ నిలవడంలేదు. పరీక్ష తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉండాది" అంది. నోట్సు నిండా ఇంగ్లీషు హల్లుల గుర్తులే, డిక్షనరీలో మాట పక్కన దాని ఉచ్చారణ చూపడానికి వేసేవి. పట్టిక మొత్తం పదిసార్లు రాసింది. నోటితో మాత్రం ఒక్కసారీ పలకలేదు.

"గంగమ్మ జాతర అను" అన్నాను. తిరుపతిలో పుట్టిన పిల్లకు ఆ మాట చెప్పి ఇవ్వక్కర్లేదు. "ఇప్పుడు 'గం' దగ్గరే ఆగు. రెండో 'గ' రానీయొద్దు, గొంతు ఆపొద్దు." అలాగే పట్టి ఉంచింది. నాలుక ఎక్కడుందని అడిగితే వెనక అంగిట్లో ఆనుకుని ఉందని చేత్తో చూపించింది. ముక్కు మూసుకోమన్నాను. ధ్వని టక్కున ఆగిపోయింది. కొక్కెం తగిలించిన ఎన్ అంటే అదే. మన వర్ణమాలలో క ఖ గ ఘ తర్వాత వచ్చే 'ఙ'. బడిలో అందరం వల్లె వేస్తాం, తర్వాత సున్న దాని పని చేసేస్తుంది కాబట్టి ఆ అక్షరాన్ని మర్చిపోతాం. నోరు మాత్రం మర్చిపోలేదు. రంగు, సింగం, అంకె, అన్నిట్లోనూ పలుకుతూనే ఉంది.

తేడా ఒక్కటే. మనకు ఆ ధ్వని వెనక దాదాపు ఎప్పుడూ క ఖ గ ఘ లలో ఒకటి వస్తుంది. ఇంగ్లీషులో ఒంటరిగా నిలబడగలదు. 'ఫింగర్'లో కొక్కెం గుర్తు పక్కన 'గ' గుర్తు కూడా ఉంటుంది, 'సింగర్'లో ఉండదు. స్పెల్లింగ్ చూస్తే రెండింట్లోనూ ఎన్, జీ పక్కపక్కనే ఉన్నాయి. ఆ తేడా స్పెల్లింగ్ చెప్పదు, గుర్తు చెబుతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగ్ అంతే మరి. జీ-హెచ్ జంట 'రఫ్'లో ఫ, 'ఘోస్ట్'లో గ, 'నైట్'లో ఏమీ కాదు. 1886లో పారిస్‌లో పాల్ పాసీ అనే ఫ్రెంచి పండితుడు, కొందరు భాషా ఉపాధ్యాయులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నది ఇలాంటి చిక్కుల కోసమే. రెండేళ్లకు ఒక లిపి తయారైంది, డిక్షనరీల్లోని ఈ గుర్తులు దానివే. ఒక ధ్వనికి ఒక గుర్తు, ఒక గుర్తుకు ఒక ధ్వని. అ ఆ లు దిద్దిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు. వాళ్ల పట్టికలో హల్లులు పెదవుల దగ్గర మొదలై గొంతు దాకా వెళతాయి. మన వర్గాలు క దగ్గర, అంటే గొంతు వైపు మొదలై, ప దగ్గర పెదవులకు చేరతాయి. దారి ఒకటే, అటునుంచి వాళ్లు, ఇటునుంచి మనం.

ఇంగ్లీషు హల్లుల గుర్తులు 24 అనగానే భయపడాల్సిన పనిలేదు. పదహారు మామూలు ఇంగ్లీషు అక్షరాలే, దాదాపు వాటి మామూలు విలువలే. చ, జ ధ్వనులకు జంట గుర్తులు. ఇక 'జే' అక్షరం, దీన్ని మాత్రం జర్మన్లలాగా 'య' అని చదవాలి. 'యూనివర్సిటీ' ఆ గుర్తుతోనే మొదలవుతుంది. మొదట పలికేది హల్లు కనుకే దాని ముందు 'ఎ' వస్తుంది, 'యాన్' రాదు. పూర్తిగా కొత్త రూపాలు ఐదే. ఒకటి గంగమ్మ దగ్గర దొరికింది. ఎస్‌ను నిలువునా సాగదీసినట్టున్నది 'శ'కు దగ్గరి ధ్వని.

సున్నా మధ్యలో అడ్డగీత ఉన్నది గ్రీకు థీటా, 'థింక్'లో మొదటి ధ్వని. మన 'థ'తో దీన్ని సరిపెట్టుకుంటాం గానీ రెండూ ఒకటి కావు. 'థ' అనేటప్పుడు నాలుక పళ్లకు తగిలి గాలిని పూర్తిగా ఆపి వదులుతుంది, దాన్ని సాగదీయలేం. థీటాను ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు. అద్దం ముందు కూర్చుని నాలుక కొన పళ్ల మధ్య పెట్టి గాలి వదలమన్నాను. రెండు నిమిషాల్లో వచ్చింది. అదే చోట గొంతు కలిపితే 'దిస్'లో మొదటి ధ్వని. తల వంచిన డి మీద చిన్న గీత పెట్టినట్టుంటుంది దాని గుర్తు.

ఈ గొంతు కలపడం అన్నిటికంటే ముఖ్యం. తెలుగు వ్యాకరణం క చ ట త ప లను పరుషాలనీ, గ జ డ ద బ లను సరళాలనీ అంటుంది. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి పలికితే తేడా వేళ్లకే తెలుస్తుంది. 'పూచెను + కలువలు' అంటే 'పూచెను గలువలు' అయ్యే సరళాదేశ సంధి ఆ పిల్లకు నోటికి వచ్చు. ఇంగ్లీషు బహువచనంలోనూ అలాంటి మార్పే ఉంది. 'క్యాట్' చివర గొంతు మోగదు, అందుకని ఎస్ ఎస్‌గానే ఉంటుంది. 'డాగ్' చివర గొంతు మోగుతుంది, ఆ మోత ఎస్‌కూ అంటుకుని జెడ్ అవుతుంది. రాతలో రెండూ ఎస్సే. జెడ్ ధ్వని రాకపోతే 'జడ' అనండి, మన దంత్య 'ౙ'తో. అందులో నాలుక మొదట తగిలి తర్వాత బుస కొడుతుంది. ఆ తగలడం తీసేస్తే మిగిలేదే జెడ్.

చివరిది మూడంకె లాంటి గుర్తు. కొన్ని పుస్తకాల్లో దాన్ని జెడ్-హెచ్ అని రాస్తారు. సరిహద్దు జిల్లా వాళ్లం, అది చూడగానే తమిళులు తమ భాష పేరు చివర పలికే ధ్వని గుర్తొస్తుంది. అది వేరు. అందులో నాలుక వెనక్కి మడత పడుతుంది, రాపిడి ఉండదు. దీనికి తెలుగులో అక్షరం లేదు, అయినా చేరుకునే దారి ఉంది. "శ్ అని పట్టి ఉంచు, నాలుక కదపకుండా గొంతు కలుపు" అన్నాను. వేళ్లు గొంతు మీద పెట్టుకుని ప్రయత్నించింది. మూడోసారికి మోగింది. 'మెజర్' అంది, మళ్లీ అంది. తర్వాత తనంతట తానే డిక్షనరీలో టెలివిజన్ తీసి చూసింది. అక్కడా అదే మూడంకె.