గే వాళ్ళ ఆరోగ్యం గురించి తెలుగులో రాయాలంటే: అపోహలు - వాస్తవాలు

"అన్నా, నేను కూడా మనవాళ్ళ కోసం హెల్త్ గురించి రాద్దామనుకుంటున్నా, కానీ నాది బీకాం కదా" అని మొన్నొక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఇలా అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా.

అపోహ: డాక్టర్ అయితేనే రాయాలి.
వాస్తవం: రాసింది డాక్టర్‌కి చూపించాలి, అంతే. 1990లో బొంబాయిలో గే వాళ్ళ కోసం బాంబే దోస్త్ అనే పత్రిక మొదలుపెట్టిన అశోక్ రావ్ కవి జర్నలిస్టు. 1983లో న్యూయార్క్‌లో, ఎయిడ్స్ ఎందుకొస్తుందో కూడా ఇంకా సరిగ్గా తేలకముందే, సెక్స్‌లో ఏ జాగ్రత్తలు తీసుకోవాలో బుక్‌లెట్ రాసింది ఇద్దరు గే పేషెంట్లు, పక్కనుండి సలహాలిచ్చింది వాళ్ళ డాక్టరు. బీకాం చాలు తమ్ముడూ. టాబ్లెట్ పేరు, డోసు రాసి "ఇది వేస్కో" అని మాత్రం ఎప్పుడూ చెప్పకు.

అపోహ: భయపెడితేనే జాగ్రత్తపడతారు.
వాస్తవం: భయపడినోడు అసలు టెస్టుకే వెళ్ళడు. ఒకప్పుడు గోడల మీద పుర్రె బొమ్మలేసి ఎయిడ్స్‌కి మందు లేదు అని రాసేవాళ్ళు, ఆ భయం ఇంకా మనోళ్ళ బుర్రల్లోంచి పోలేదు. ఇప్పుడు పరిస్థితి వేరు, సర్కారీ ఏఆర్‌టీ సెంటర్లలో (హెచ్‌ఐవీకి మందులిచ్చేవి) మందులు ఫ్రీ, 2017 నుంచి పాజిటివ్ అని తేలితే సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా చూడకుండా ట్రీట్‌మెంట్ మొదలుపెడుతున్నారు. రోజూ టాబ్లెట్లు వేసుకుంటూ రక్తంలో వైరస్ టెస్టుకి దొరకనంతగా తగ్గి అలాగే ఉంటే సెక్స్ వల్ల పార్ట్‌నర్‌కి హెచ్‌ఐవీ అంటదు. 2019లో వచ్చిన పార్ట్‌నర్-2 స్టడీలో ఇలాంటి గే జంటలు 780కి పైనే ఉన్నారు, కండోమ్ లేకుండా కలిసినా ట్రీట్‌మెంట్‌లో ఉన్న పార్ట్‌నర్ నుంచి ఒక్కరికి కూడా అంటలేదు. ఇంకో మాట, ప్రపంచం వాడే హెచ్‌ఐవీ మందుల్లో బోలెడన్ని తయారుచేసేది హెటిరో, అరబిందో లాంటి మన హైదరాబాద్ కంపెనీలే, అలాంటి ఊళ్ళో ఉండి మనోడు టెస్టుకి భయపడి రెండేళ్ళు లాగిస్తాడు!

అందుకే భయపెట్టడం మానేసి దారి రాయండి. అంటే ఎలాగంటే: పెద్ద గవర్నమెంట్ ఆసుపత్రికి వెళ్ళి ఓపీ దగ్గర "ఐసీటీసీ ఎక్కడ" అని అడగాలి, హెచ్‌ఐవీ టెస్టు చేసే చోటు అదే, కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు, మీరు ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు, డబ్బులేం కట్టక్కర్లేదు, మొదటి కిట్‌లో రియాక్టివ్ (వైరస్ ఉండొచ్చు అని) వచ్చినా పాజిటివ్ అని చెప్పేయరు, ఇంకో రెండు వేరే కిట్లతో చూశాకే చెప్తారు. రిస్క్ అయిన మర్నాడే టెస్ట్ చేయించుకుని నెగటివ్ వచ్చిందని సంబరపడొద్దు, మూడు నెలలకి మళ్ళీ చేయించుకోవాలి. అదే 72 గంటల్లోపు డాక్టర్ దగ్గరికి పరిగెత్తితే హెచ్‌ఐవీ రాకుండా ఆపడానికి పెప్ అని 28 రోజుల మందుల కోర్సు ఉంటుంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. అడ్రస్ తెలీకపోతే 1097కి ఫోన్ చేయమనండి, టోల్ ఫ్రీ.

అపోహ: పద్ధతిగా రాయాలి, పచ్చిగా రాస్తే బూతు.
వాస్తవం: "సురక్షిత లైంగిక పద్ధతులు పాటించాలి" అని రాస్తే ఎవడికీ ఏమీ అర్థం కాదు. రాత్రిపూట నాకొచ్చే మెసేజ్‌లలో ఎక్కువ కనబడేది ఏంటో తెలుసా, "అన్నా కండోమ్ వేసుకున్నాం, చిరిగిపోయింది." ఏం రాసుకున్నారు అని అడిగితే కొబ్బరినూనె. లేదంటే వాజెలిన్. ఇంట్లో ఉండేవి అవే, మెడికల్ షాప్‌లో జెల్లీ అడగాలంటే సిగ్గు. కానీ నూనె తగిలితే మామూలు లేటెక్స్ రబ్బరు నిమిషాల్లోనే బలం పోయి చిరిగిపోతుంది. కాబట్టి నూనె వద్దు, వాజెలిన్ వద్దు, వాటర్ బేస్డ్ జెల్లీ వాడండి అని ఆ మాటల్లోనే రాయాలి, మెడికల్ షాప్‌లో కండోమ్‌ల పక్కనే పెట్టి అమ్ముతారని కూడా రాయాలి. ఇది చదివి ఎవరైనా ఛీ అంటే అననివ్వండి, మనం రాసేది వాళ్ళ కోసం కాదు.

అపోహ: గే హెల్త్ అంటే హెచ్‌ఐవీ ఒక్కటే.
వాస్తవం: సెక్స్ వల్ల వచ్చే సిఫిలిస్, గనేరియా ఉన్నాయి, గొంతులోనో వెనకవైపో గనేరియా ఉంటే చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు, యూరిన్ టెస్ట్‌లో దొరక్కపోవచ్చు కూడా, డాక్టర్‌కి ఎక్కడ రిస్క్ అయిందో చెప్తేనే అక్కడ శాంపిల్ తీస్తారు. లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ బి, పులిపిర్లు, క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ, ఈ రెండు వైరస్‌లకీ వ్యాక్సిన్లు ఉన్నాయి. ఇక మనసు సంగతి. పెళ్ళి చేసేస్తే మారిపోతాడు, ఫలానా డాక్టర్ మార్చేస్తాడు అని ఇంట్లోవాళ్ళు తీసుకుపోతుంటారు, అలా "మార్చే" వైద్యం చేయడం డాక్టర్ వృత్తికి విరుద్ధమని 2022లోనే నేషనల్ మెడికల్ కమిషన్ తేల్చింది. ఇది పదిసార్లు రాసినా తక్కువే.

అపోహ: రాయాలంటే మనం గే అని ఊరందరికీ చెప్పుకోవాలి.
వాస్తవం: అక్కర్లేదు, కలం పేరు పెట్టుకోండి. మీ పేరు కన్నా మిమ్మల్ని నమ్మి మెసేజ్ పెట్టినవాళ్ళ పేర్లు జాగ్రత్త. వాళ్ళల్లో పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు కూడా ఉంటారు. ఊరి పేరు, ఉద్యోగం మార్చి రాసినా బంధువులు కనిపెట్టేస్తారు, అందుకే నేనైతే అడక్కుండా ఎవరి కథా వాడను, స్క్రీన్‌షాట్ అస్సలు పెట్టను. ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో వచ్చిన హెచ్‌ఐవీ/ఎయిడ్స్ చట్టం కూడా చెప్తోంది.

అపోహ: దీంట్లో డబ్బులొస్తాయి.
వాస్తవం: రావు. ఎప్పుడన్నా ఏదో ఎన్జీవో కరపత్రానికో వీడియో స్క్రిప్ట్‌కో కొంచెం ఇస్తుంది, అది కూడా రెండుసార్లు గుర్తుచేస్తే. ఇంటద్దెకి ఆ బీకాం ఉద్యోగం ఉండనీ తమ్ముడూ.